కువైట్ నుంచి వచ్చిన పాత ప్లేస్టేషన్‌కు కడపలో చిప్ వేయించాను: షాపు పనితనం మీద నా అభిప్రాయం

మా మేనమామ 1999లో కువైట్ నుంచి సెలవు మీద వచ్చినప్పుడు తెచ్చిన బూడిద రంగు ప్లేస్టేషన్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కువైట్ సామాను చేరని వీధి కడప చుట్టుపక్కల ఉండదు కాబట్టి అది మా ఇంటికి రావడంలో వింతేమీ లేదు. పాతికేళ్లు దాటినా ఇంకా పనిచేస్తూ ఉండడమే వింత. మొన్న ఉగాది సమయంలో దానికి మోడ్ చిప్ వేయించాను, అంటే ప్రతులనూ వేరే ప్రాంతపు డిస్కులనూ కూడా ఆడనిచ్చే చిన్న చిప్. ఆ పని చేసిన షాపు గురించి, వాళ్లు చేసిన పని గురించి, నాకు నచ్చని ఒకటి రెండు సంగతుల గురించి వివరంగా రాస్తున్నాను. షాపు పేరు మాత్రం రాయడం లేదు. అది ఒక్క మనిషి చేతి మీద నడిచే షాపు. బల్ల మీద ఇప్పటికే పని పేరుకుపోయి ఉందని, పేరు రాస్తే తట్టుకోలేనని ఆయనే అన్నారు. ఏడు రోడ్ల కూడలికి నడిచి వెళ్లేంత దూరంలో, సెల్‌ఫోన్ షాపుల వెనుక సందులో, ఒక మేడ మెట్ల కింద ఉంటుందన్నంత వరకు చెప్పగలను.

ముందుగా యంత్రం సంగతి. అడుగున ఉన్న స్టిక్కరు మీద ఎస్‌సీపీహెచ్-7502 అని ఉంది. ఈ కన్సోల్ మోడల్ నంబరులో చివరి అంకె 0 అయితే జపాన్‌ది, 1 అయితే అమెరికాది, 2 అయితే ఐరోపాకు చేసిన, పాల్ అనే టీవీ పద్ధతి యంత్రం. గల్ఫ్ నుంచి మాకు వచ్చినది ఈ చివరి రకం కావడం ఒక విధంగా మేలే అయింది, ఎందుకంటే దాని పవర్ బోర్డు 220–240 వోల్టులకు చేసినది, ఇక్కడి ప్లగ్గులో నేరుగా పెట్టుకోవచ్చు. అమెరికా నుంచి బంధువులు ప్రేమగా తెచ్చిన 120 వోల్టుల యంత్రాన్ని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా ప్లగ్గులో పెట్టి, టప్పుమన్న శబ్దంతో దాని కథ ముగించిన వాళ్లు నాకు తెలిసి ఇద్దరున్నారు.

మామ దానితో పాటు తెచ్చిన ఒరిజినల్ డిస్కులు తొమ్మిది. వాటిలో మూడింటి మీద గీతలు ఎక్కువై, ఆట మధ్యలో ఆగిపోవడం మొదలైంది. పూర్తిగా పాడుకాకముందే ఆ మూడింటికీ ఇంటి కంప్యూటరులో ప్రతులు తీసి పెట్టుకున్నాను. అమెరికాలో ఉండే మా పిన్ని కొడుకు అక్కడి డిస్కులు రెండు పంపాడు. చిప్ లేని యంత్రం ప్రతులనూ చదవదు, వేరే ప్రాంతపు ఒరిజినల్ డిస్కులనూ చదవదు. చిన్నప్పుడు మా వీధి పిల్లలు మూత కింది బటన్‌లో బాల్‌పెన్ను స్ప్రింగు ఇరికించి, ఒరిజినల్ డిస్కు తిరుగుతూ ఉండగానే లాగేసి ఇంకొకటి పెట్టేవాళ్లు. ఆ విద్య వల్ల ఎన్ని డిస్కు మోటార్లు అరిగిపోయాయో లెక్క లేదు. ఈ వయసులో మళ్లీ స్ప్రింగు జోలికి పోదలచుకోలేదు.

ఇంతకూ యంత్రం ఒరిజినల్ డిస్కును ఎలా గుర్తుపడుతుందో తెలిస్తేనే చిప్ పని అర్థమవుతుంది. డిస్కు అడుగు భాగం నల్లగా ఉండడమే ఆ రహస్యమని మేమంతా చాలా కాలం నమ్మాం. అది కేవలం రంగు. యంత్రంలోని లేజరు కంటికి కనబడని పరారుణ కాంతితో పనిచేస్తుంది, ఆ కాంతికి నలుపు అడ్డు కాదు. అసలు తాళం డిస్కు లోపలి అంచులో, సమాచారం మొదలయ్యే చోట ఉంది. అక్కడి జాడ తిన్నగా కాకుండా, కావాలని అతి స్వల్పంగా అటూ ఇటూ ఊగేటట్టు ముద్రించారు. ఆ ఊగులో నాలుగు అక్షరాల గుర్తు దాగి ఉంటుంది: జపాన్‌కు ఒకటి, అమెరికాకు ఒకటి, ఐరోపాకు ఒకటి. యంత్రం మొదలయ్యేటప్పుడు లేజరు ఆ ఊగును చదివి, తన ప్రాంతపు గుర్తు కనబడితేనే ఆటను లోపలికి రానిస్తుంది. మనం ఇంట్లో రాసుకునే ఖాళీ డిస్కులో జాడ ముందే వేసి ఉంటుంది, కంప్యూటరులో డిస్కు రాసే రైటరు ఆ జాడనే పట్టుకుని పోతుంది. కాబట్టి సమాచారమంతా అచ్చంగా దిగినా ఊగు మాత్రం దిగదు. మోడ్ చిప్ చేసేదల్లా, యంత్రం ఆ గుర్తు కోసం చూసే క్షణంలో సరైన నాలుగు అక్షరాలను తానే బోర్డుకు అందించడం. ఎనిమిది కాళ్ల చిన్న చిప్, అంతే. ఆటల్లో గాని, యంత్రంలోని ప్రోగ్రాములో గాని అది ఏమీ మార్చదు.

ఇక్కడే చట్టం మాట కూడా చెప్పాలి. మన దేశంలో 2012లో కాపీరైట్ చట్టానికి 65ఏ సెక్షన్ చేర్చారు. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో ఇటువంటి సాంకేతిక రక్షణను దాటవేస్తే రెండేళ్ల వరకు జైలు శిక్ష, జరిమానా ఉంటాయి. అదే చట్టంలోని 52వ సెక్షన్, న్యాయంగా కొన్న కంప్యూటర్ ప్రోగ్రాము పాడైపోతుందన్న భయంతో రక్షణ కోసం తీసుకునే ప్రతిని ఉల్లంఘనగా చూడదు. ఆస్ట్రేలియాలో ఇదే ప్లేస్టేషన్ చిప్‌ల మీద నడిచిన కేసులో అక్కడి హైకోర్టు 2005లో చిప్ అమ్మిన వ్యక్తి వైపు తీర్పు ఇచ్చింది గాని, ఆ తీర్పు మనకు వర్తించదు. నేను లాయరును కాను. నా దగ్గర ఉన్న డిస్కులకు నేను తీసుకున్న ప్రతుల వరకే నా వాడకం. షాపులో నాకు మొదట నచ్చినదీ ఇదే: గోడ మీద, క్యాలెండరు పక్కన, "గేమ్ డిస్కులు అమ్మబడవు, కాపీ చేయబడవు" అని చేత్తో రాసిన అట్ట ఒకటి వేలాడుతూ ఉంది. నేను ఉండగానే ఒక కుర్రాడు వచ్చి అడిగితే, ఆయన తల కూడా ఎత్తకుండా ఆ అట్ట వైపు వేలు చూపించారు.

నేను వెళ్లగానే చిప్ ధర అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా కన్సోల్ చేతిలోకి తీసుకుని, తలకిందులు చేసి, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపారు. లోపల ఏదో గలగలమంది. "ముందు దీని కన్ను చూద్దాం సార్. కన్ను పోయినోనికి కళ్లద్దాలు పెడితే ఏం లాభం?" అన్నారు. ఈ ఒక్క మాట కోసమే నేను ఈ షాపును పది మందికి చెబుతున్నాను. దీనికి ముందు బెంగళూరులో ఒకరికి, ఫోనులో మరొకరికి ఈ పని గురించి చెప్పినప్పుడు ఇద్దరూ చిప్ ధర, కూలి కలిపి ఒక అంకె చెప్పారే తప్ప, యంత్రం ఇప్పుడు డిస్కులు చదువుతోందా లేదా అని ఒక్కరూ అడగలేదు.

కన్ను అంటే లెన్సు, అంటే లేజరు పికప్. మెకానిక్కుల భాషలో దానికి లెన్సు తప్ప వేరే పేరు లేదు. ఆయన నా ఎదుటే కింది స్క్రూలు విప్పి, రేకు కవచం తీసి, డిస్కును తిప్పి చదివే డ్రైవును బల్ల మీద పరిచారు. గలగలమన్నది ఎప్పుడో విరిగి లోపల పడిన ప్లాస్టిక్ కొక్కెం ముక్క. ఆ తరువాత భూతద్దం నా చేతికిచ్చి లెన్సు పక్కన ఉన్న గోరంత బోర్డు మీద ఒక చిన్న మర చూపించారు. లేజరు బలాన్ని సర్దే మర అది. ఫ్యాక్టరీలో సరిచేసి వదిలేస్తారు. దాని గాడిలో స్క్రూడ్రైవరు జారిన గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. "ఎవురో దీన్ని బాగా తిప్పినారు సార్" అన్నారు. అప్పుడు గుర్తుకొచ్చింది. నాలుగేళ్ల కిందట వేరే ఊళ్లో ఒక మెకానిక్ "శుభ్రం చేశాను" అని మూడు వందలు తీసుకుని ఇచ్చినప్పుడు అన్ని డిస్కులూ ఒక్కసారిగా బ్రహ్మాండంగా నడిచాయి. ఏడాది తిరిగేసరికి మళ్లీ మొదటికి వచ్చింది. బలహీనపడిన లేజరుకు కరెంటు పెంచితే కొన్నాళ్లు బాగా చదువుతుంది, తరువాత త్వరగా చచ్చిపోతుంది. శుభ్రం చేసిన పనికి ఇచ్చాననుకున్న మూడు వందలు, నిజానికి లెన్సు ఆయుష్షు తగ్గించినందుకు ఇచ్చానని ఆ రోజు తెలిసింది.

ఇంట్లో రాసిన డిస్కు ఫ్యాక్టరీ డిస్కు అంత బాగా కాంతిని తిప్పి పంపదు. నీరసించిన లెన్సు ఒరిజినల్‌ను ఎలాగో చదువుతుంది గాని ప్రతి దగ్గర చేతులెత్తేస్తుంది. చిప్ ఎంత మంచిదైనా ఈ లోటును తీర్చలేదు. చిప్ వేయించాక కూడా ప్రతులు నడవలేదని తిట్టుకునే వారిలో చాలామంది అసలు తిట్టవలసింది లెన్సునేనని ఆయన లెక్క. నాకూ అది సబబుగానే తోచింది.

లెన్సు మార్చడానికి ఒప్పుకున్నాను. ఈ యంత్రానికి సరిపడేవి కేఎస్‌ఎం-440 తరగతికి చెందిన యూనిట్లు. ఇప్పుడు దొరికేవాటిలో ఎక్కువ భాగం చైనాలో తయారైన కొత్తవి, వాటిలో మంచీ చెడూ రెండూ ఉంటాయి. ఆయన రెండు తెప్పించి రెండూ పెట్టి చూశారు. మొదటిది మామూలు డిస్కును చదివింది గాని, వీడియో వచ్చే చోట మాట తెగిపోతూ వచ్చింది. దాన్ని పక్కన పెట్టి రెండోది బిగించారు. మొదటిదానితోనే సరిపెట్టి పంపించి ఉంటే ఆ రోజు నాకు తెలిసేది కాదు. లెన్సు జరిగే పట్టాలకు పాత జిడ్డు తుడిచి కొత్త గ్రీజు రాశారు, దానికి విడిగా డబ్బు అడగలేదు.

చిప్ ఎంపిక దగ్గర కూడా ఆయన జాగ్రత్త కనబడింది. 1990లలో వచ్చిన తొలి చిప్‌లు యంత్రం ఆన్‌లో ఉన్నంతసేపూ ఆ నాలుగు అక్షరాలను ఆపకుండా పంపుతూనే ఉండేవి. ఆటల కంపెనీలు ఊరుకోలేదు. ఆట మొదలయ్యాక, ఆ గుర్తు అసలు కనబడకూడని చోట చూడమని యంత్రానికి చెప్పే పరీక్షను కొన్ని ఆటల్లో పెట్టాయి. అక్కడా గుర్తు కనబడితే చిప్ ఉన్నట్టే. యంత్రంలో మార్పులు చేసినట్టున్నారని తెర మీద రాసి ఆట ఆగిపోతుంది. దొంగ ఇంట్లో లేనప్పుడు కూడా కుక్క మొరిగితే ఆ కుక్క సంగతి తెలిసిపోయినట్టే ఇది. తరువాత వచ్చిన చిప్‌లు సరైన క్షణంలో మాత్రమే మాట్లాడి మిగిలిన సమయమంతా మౌనంగా ఉంటాయి. ఆయన పెట్టెలో పాత రకానివి కూడా కొన్ని ఉన్నాయి, అవి చవక. నాకు అవి వద్దని ఆయనే చెప్పి, అట్టైనీ85 అనే ఎనిమిది కాళ్ల చిప్ తీసుకుని, పీఎస్‌నీ అనే అందరికీ ఉచితంగా దొరికే ప్రోగ్రామును తన ల్యాప్‌టాప్ నుంచి దానిలోకి ఎక్కించారు. లెన్సు ఇప్పుడు డిస్కులో ఎక్కడ ఉందో ఆ ప్రోగ్రాము వింటూ ఉండి, లోపలి అంచు దగ్గరికి వచ్చినప్పుడే గుర్తు పంపుతుంది. విడిభాగంగా చిప్ ధర చాలా తక్కువ. మనం డబ్బు ఇచ్చేది ఏ బోర్డుకు ఏ తీగ ఎక్కడ అతకాలో తెలిసిన చేతికి.

ఆ అతికే పని నేను దగ్గర కూర్చుని చూశాను. మార్చి ఎండ అప్పటికే కడప మీద కూర్చుంది. మెట్ల కింది గదిలో ఉన్న ఒకే ఒక్క ఫ్యాను ఆయన ఆపేశారు. "గాలికి బిట్టు సల్లబడ్తాది సార్, ఓ పావుగంట ఓర్చుకోండి" అన్నారు. బిట్టు అంటే తీగలను అతికే సోల్డరింగ్ కడ్డీ వేడి మొన. పావుగంట అన్నది ముప్పావుగంట అయింది. వెంట్రుకకన్నా కొంచెం లావుగా ఉండే తీగలు ఆరు: ఒకటి కరెంటుకు, ఒకటి గ్రౌండుకు, రెండు డ్రైవు మాటలు వినడానికి, రెండు గుర్తును పంపడానికి. ఒక్కొక్క తీగను కావలసినంత పొడవుకే కత్తిరించి, కొసకు ముందే లెడ్డు పట్టించి, బోర్డు మీద చుక్క ఫ్లక్స్ పెట్టి, బిట్టును ఆనించీ ఆనించనట్టు తగిలించి తీసేస్తున్నారు. పొగ లేచి పోయాక చూస్తే అతుకు ఆవగింజలో సగం ఉంది, అద్దంలా మెరుస్తోంది. ప్రతి అతుకు తరువాత పట్టకారతో తీగను మెల్లగా లాగి చూసి, పక్క కాలికి తగిలిందేమో మల్టీమీటరుతో పరీక్షించి, ఆ తరువాతే రెండో తీగ. ఆయన చెమట ముక్కు కొన దాకా వచ్చి బోర్డు మీద పడుతుందేమోనని నేను ఊపిరి బిగబట్టుకున్నాను. పడబోయే ముందు ఆయన భుజంతో తుడుచుకుంటున్నారు, అలవాటైన పని. చివరకు చిప్‌ను పసుపు రంగు వేడి తట్టుకునే టేపులో చుట్టి, రేకు కవచం తగలని మూలలో అంటించారు. కవచాన్ని ఎక్కడా కత్తిరించలేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే చోటు సరిపోవడం లేదని రేకును వంచేసి, తిరిగి మూసేటప్పుడు తీగలను నలిపేసే పనులు నేను వేరే వాళ్ల యంత్రాల్లో చూశాను.

ఇక నచ్చని సంగతులు. మొదటిది ఆలస్యం. నాలుగు రోజులన్నారు, పదిహేను రోజులు పట్టింది. లెన్సులు పార్సిల్‌లో ఆలస్యంగా రావడం ఆయన తప్పు కాదు. కానీ ఫోను చేస్తే ఎత్తకపోవడం, ఎత్తితే "రేపు సార్" అనడం కస్టమరును ఆపసోపాలు పెట్టే అలవాటు. ఉగాది ముందు రోజుకు తప్పకుండా ఇస్తానన్న వారు, ఉగాది నాడు షాపు మూసి, కుటుంబంతో దేవుని కడప గుడికి వెళ్లారు. ఆ రోజు మన ఊరి ముస్లింలు వెంకన్న గుడికి వెళ్లడం తరతరాల ఆచారం, దాన్ని ఎవరు తప్పు పడతారు? నేనూ అక్కడి వరుసలోనే ఆయనను చూశాను. ఆయన నన్ను చూసి నవ్వుతూ, ప్రసాదం చేతిలో ఉండగానే "రేపు సార్" అన్నారు. ఆ రేపు మాత్రం నిజంగానే రేపు అయింది.

రెండో సంగతి కొంచెం పెద్దది. ఇంటికి తెచ్చాక అన్ని డిస్కులూ ఒక్కొక్కటిగా వేసి చూశాను. ఒరిజినల్ డిస్కుల్లో గీతలు లేని ఆరూ, ఎప్పుడూ లేనంత త్వరగా మొదలయ్యాయి. అమెరికా నుంచి వచ్చిన రెండూ మొదలయ్యాయి, వాటిలో ఒకదానిలో చిప్‌ను పసిగట్టే పరీక్ష ఉంది, అది కూడా నోరెత్తకుండా సాగింది. కానీ ఆ రెండు ఆటలూ టీవీలో నలుపు తెలుపుల్లో వచ్చాయి! టీవీకి కలిపే ఏవీ (ఆడియో-వీడియో) తీగ మార్చాను, టీవీ మార్చాను, మా చిన్నాన్న ఇంట్లోని పాత డబ్బా టీవీకి పెట్టి చూశాను, అంతే. షాపుకు ఫోను చేస్తే ఈసారి వెంటనే ఎత్తి, "పాల్ మిషన్ కదా సార్, అట్లనే వస్తాది" అన్నారు. అంటే ఆయనకు ముందే తెలుసు. అమెరికా డిస్కుల కోసం కూడా చిప్ వేయిస్తున్నానని నేను మొదటి రోజే చెప్పాను. అప్పుడే ఈ మాట చెప్పి ఉంటే బాగుండేది.

కారణం ఇది. పాల్ పద్ధతి సెకనుకు 50 సార్లు తెరను నింపుతుంది, అమెరికాలో వాడే ఎన్‌టీఎస్‌సీ 60 సార్లు. అమెరికా డిస్కు వేయగానే నా యంత్రం 60కి మారుతుంది, ఆట సరైన వేగంతో నడుస్తుంది. రంగు మాత్రం వేరే లెక్క. టీవీ రంగును పట్టుకోవడానికి పాల్‌కు 4.43 మెగాహెర్ట్జ్, ఎన్‌టీఎస్‌సీకి 3.58 మెగాహెర్ట్జ్ సంకేతం కావాలి. యంత్రంలో గడియారంలా కొట్టుకునే స్ఫటికం ఒక్కటే, అది పాల్‌కు తగినది. దాని నుంచి 3.58ని లెక్క ప్రకారం తీయబోతే కొంచెం తక్కువగా వస్తుంది. ఆ కొంచెం తేడాకే చాలా టీవీలు రంగును వదిలేసి బొమ్మను మాత్రం చూపిస్తాయి. చిప్‌కు దీనితో సంబంధం లేదు. ఏ పద్ధతి ఆట వస్తే ఆ పద్ధతికి తగిన సంకేతం ఇచ్చే చిన్న ఆసిలేటరు బోర్డు వేరేగా వేయించుకోవాలి. ఐరోపాలో అయితే స్కార్ట్ అనే తీగతో ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా టీవీకి పంపి ఈ చిక్కు తప్పించుకుంటారు గాని, మన టీవీలకు ఆ సాకెట్టు ఉండదు. ఆసిలేటరుకు ఆయన తొమ్మిది వందలు చెప్పారు. మొదటే తెలిసి ఉంటే రెండు పనులూ ఒకే విప్పుడులో అయ్యేవి. పాతికేళ్ల నాటి ప్లాస్టిక్ కొక్కేలను ఎన్నిసార్లు విప్పితే అంత ప్రమాదం.

ప్రతుల విషయంలో మాత్రం నేను ఆయనను అన్యాయంగా అనుమానించాను. మూడు ప్రతులలో రెండు చక్కగా నడిచాయి. మూడోది మొదలై, పేరు చూపించి, ఆట లోపలికి వెళ్లబోయే చోట నల్ల తెరతో ఆగిపోయింది. చిప్ నాసిరకమని తీర్మానించుకుని ఉదయాన్నే షాపుకు వెళ్లాను. ఆయన డిస్కు పేరు చూసి నవ్వారు. ఐరోపా కోసం ముద్రించిన కొన్ని ఆటల్లో లిబ్‌క్రిప్ట్ అనే రెండో తాళం ఉంది. డిస్కులో అసలు సమాచారంతో పాటు సమయం, స్థానం వంటి వివరాలు మోసే సన్నని పక్క పట్టీ ఒకటి ఉంటుంది. అందులో కొన్ని చోట్ల కావాలని తప్పులు పెట్టి, ఆ తప్పుల వరుసలోనే తాళంచెవి దాచారు. మామూలుగా ప్రతి తీసే ప్రోగ్రాములు ఆ తప్పులను పొరపాట్లనుకుని శ్రద్ధగా సరిదిద్దేస్తాయి, దాంతో తాళంచెవి పోతుంది. నా తొమ్మిది డిస్కులూ పాల్‌వే కాబట్టి ఇది నేను ముందే తెలుసుకోవలసింది. ఆ పక్క పట్టీని ఉన్నది ఉన్నట్టుగా చదివి, ఉన్నది ఉన్నట్టుగా రాయగల రైటరు, ప్రోగ్రాము రెండూ కావాలి. నా ఒరిజినల్ డిస్కును ఆయన ఒక పాత రైటరులో పెట్టి అలా చదివించి, కంప్యూటరు ఫైలును పెన్‌డ్రైవులో ఇచ్చారు. డిస్కు రాసి ఇవ్వమంటే మళ్లీ అట్ట వైపే చూపించారు. ఇంటి దగ్గర నేనే, తక్కువ వేగంతో రాసుకున్నాను. ఇప్పుడది కూడా నడుస్తోంది.

అసలు చిప్ అవసరమా అని అడిగేవారికి ఒక మాట. 2021 నుంచి మెమరీ కార్డు ద్వారానే ఈ తాళం తీసే ఉచిత ప్రోగ్రాములు వచ్చాయి. డ్రైవును నడిపే చిప్‌లోనే, తయారుచేసిన వాళ్లు వదిలిన రహస్య ఆదేశాలు ఉన్నాయి. ఆ ప్రోగ్రాములు వాటిని వరుసగా పంపి తాళం తీయిస్తాయి. జపాన్ యంత్రాల మీద ఆ ఆదేశాలు పనిచేయవు గాని, నా పాల్ యంత్రం మీద పనిచేస్తాయి. సోల్డరింగ్ అక్కర్లేదు, విప్పనక్కర్లేదు. కానీ ఆన్ చేసిన ప్రతిసారీ ముందు మెమరీ కార్డు నుంచి ఆ ప్రోగ్రామును మొదలుపెట్టి, తరువాత డిస్కు వేయాలి. మా ఇంట్లో ఇప్పుడు ఆడేది నేనొక్కణ్నే కాదు, తొమ్మిదేళ్ల మేనల్లుడు కూడా; వాడికి డిస్కు పెట్టి మూత మూస్తే ఆట రావాలి. అందుకు చిప్పే నయం. ఒక్కడే ఆడుకునేవాడు, ఓపిక ఉన్నవాడు, లెన్సు బాగున్నవాడు మాత్రం ముందు మెమరీ కార్డు దారి చూసుకోవచ్చు. డ్రైవునే తీసేసి ఆ చోట ఎస్‌డీ కార్డు పెట్టే బోర్డులు కూడా ఉన్నాయి. అవి ఖరీదైనవి, పైగా డిస్కు తిరిగే ఆ శబ్దం లేకపోతే నాకు అది ప్లేస్టేషన్‌లా అనిపించదు.

ఖర్చు సంగతి. లెన్సుకు 1,650, చిప్‌కూ కూలికీ కలిపి 1,500. మొత్తం 3,150 రూపాయలు. వెయ్యి ముందుగా తీసుకున్నారు. చేత్తో రాసిన చీటీ ఇచ్చారు, దాని మీద లెన్సుకు మూడు నెలలు, అతుకులకు ఏడాది హామీ అని రాశారు. పాత లెన్సును అడగకముందే చిన్న కవరులో వేసి తిరిగి ఇచ్చారు, ఇది ఎంతమంది మెకానిక్కులు చేస్తారో మీకు తెలుసు. ధర నాకు ఎక్కువ అనిపించలేదు. కన్సోల్ అడుగున ఒక స్క్రూ మాత్రం మారింది. మిగిలినవి వెండి రంగువి, అదొక్కటి నల్లది, పొట్టిది. ఫోనులో చెబితే "వెతికి పెడతా సార్" అన్నారు.

మీరు వెళ్లదలచుకుంటే కన్సోల్ ఒక్కటే తీసుకుపోకండి. మీరు ఆడే డిస్కుల్లో ఒక ఒరిజినల్, ఒక ప్రతి, వేరే ప్రాంతానిది ఉంటే అదీ, మీ సొంత ఏవీ తీగ, మెమరీ కార్డు, కంట్రోలరు అన్నీ పట్టుకుపోయి, ఆయన బల్ల మీది చిన్న టీవీలో అన్నీ వేసి చూసుకున్నాకే మిగిలిన డబ్బు ఇవ్వండి. ఆ టీవీలో అమెరికా ఆటలకు కూడా రంగు వస్తుంది, దాన్ని చూసి మోసపోవద్దు. మీ టీవీ ఏ కంపెనీదో, ఏ మోడలో చెప్పి, రంగు వస్తుందా అని నోరు తెరిచి అడగండి. అడిగితే ఆయన దాచరు. అడగకపోతే మాత్రం చెప్పరు. నా ఆసిలేటరు వచ్చే వారం వస్తుందట. రేపు అనలేదు కాబట్టి నమ్ముతున్నాను.